తలుపు కన్ను

కోరుట్ల,
18 ఆగస్టు 2011

చెల్లె సంధ్యారాణికి,

నీకు ఫోన్ చేస్తే మొదట్లో మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. ఇప్పుడు మోగడం కూడా మానేసింది. కరెంటు కోతకు చార్జింగ్ ఉండటం లేదేమో అనుకొని కవరు రాస్తున్నాను. నువ్వూ, హన్మండ్లు మరిదీ క్షేమమని తలుస్తాను.

మా ఇంట్లో ఇప్పుడు ఒకటే గొడవ. మొన్న ఆదివారం ఇక్కడ పెద్ద రోడ్డు మీద తెలంగాణ కోసం వంటావార్పు చేశారు. తెల్లవారక ముందే జగిత్యాల వైపూ, మెట్‌పల్లి వైపూ ఎడ్లబండ్లు, బండరాళ్లు అడ్డం పెట్టారు. ఊళ్లోని కుల సంఘాలన్నీ రోడ్డు మీదే గుండ్రంగా పొయ్యిలు పెట్టి, వండి, పొద్దుగూకేదాకా అక్కడే తిని, అక్కడే పాడి, అక్కడే కూర్చున్నాయి. సైకిలును కూడా పోనివ్వలేదు. పొయ్యిలన్నీ, మనుషులంతా ఒకే ఫొటోలో రావాలనీ, దాన్ని ఫ్లెక్సీ కొట్టించి చౌరస్తాలో కడతామనీ మీ బావకు చెప్పారు. మన స్టూడియోలో ఉన్న లెన్సుకు సగం మందే పట్టారు. ఇక సాయంత్రం నుంచి దుకాణం ముందు ఒకరి తర్వాత ఒకరు.

"ఏం ప్రేమన్నా, మా పొయ్యి మీద వండింది బువ్వ గాదా?"

"మా అధ్యక్షునిది రుమాలే అచ్చింది, మొకం యాడవోయింది?"

"తెలంగాణ అచ్చినంక గూడ మేం గిట్ల ఫొటో బయటనే ఉంటమా, ముందుగాల్నే చెప్పు!"

మళ్లీసారికి అందరినీ పట్టే లెన్సు తెస్తానని మీ బావ మాట ఇచ్చాడు. మాట ఇచ్చేది ఆయన, వెతికేది నేను. నిన్న జగిత్యాలకు పోయి కెమెరాల దుకాణంలో అడిగాను. దాన్ని చేపకన్ను లెన్సు అంటారట. చేప నీళ్లలో నుంచి పైకి చూస్తే ఒడ్డు మీద ఉన్నవాళ్లందరూ గుండ్రంగా కనబడతారట, అందుకని ఆ పేరు. మన కెమెరా కంపెనీ లెన్సు కెమెరా కంటే ఖరీదు. కొరియాలో చేసింది ఒకటి ఉంది, అది సగం ధరకే వస్తుంది గానీ అన్నీ చేత్తో తిప్పుకోవాలి. మూడోది మన లెన్సు ముందు బిగించే అద్దం. చవక, కానీ అంచులు నీళ్లు పడ్డ సిరాలా పాకుతాయి. నేను ఎటూ తేల్చుకోలేక నిలబడితే దుకాణం అతను నవ్వి, "అక్కా, ముందుగాల్నే పైసలెందుకు వెడ్తవ్? తలుపుకు వెట్టే కన్ను ఉంటది సూడు, గదిగూడ చేపకన్నే. చిన్న కెమెరా ముంగట వెట్టి సూడు. అట్లాంటి ఫొటో మీకు నచ్చుతదో లేదో తెలుస్తది" అన్నాడు.

నాకు వెంటనే మీ కొత్త ఇంటి తలుపు గుర్తొచ్చింది. మరిది భివండి నుంచి తెచ్చి పెట్టించిన కన్ను అదే కదా. దాని మందం, పొడవు కొలిచి రాయి. ఇక్కడ ఇనుప సామాన్ల దుకాణంలో అటువంటిదే అడుగుతాను.

మీ అక్క,
జమున

*

సిరిసిల్ల,
27 ఆగస్టు 2011

అక్కకు సంధ్య నమస్కారాలు.

కొలత ఎందుకు, కన్నునే పంపిస్తున్నాను. మొన్న నేనే మర తిప్పి ఊడదీశాను. తిరిగి పంపొద్దు. తలుపులో పడ్డ రంధ్రానికి పాత నూలు ఉండ చేసి కుక్కాను, బాగానే ఆగింది.

ఆయన మగ్గాల పనికని భివండికి పోయాడు. ఇక్కడ మరమగ్గాలు, అదే మన సాంచాలు, సగం ఆగిపోయాయి. సాంచాల యజమాని, మా ఆసామి, ఎదురింటి కార్ఖానాకు తాళం వేసి, "నూలు ధర దిగినంక సూద్దాం" అని ఆయనను పంపేశాడు. సెల్‌ఫోన్ ఆయన వెంటే తీసుకుపోయాడు. నాకు పని పడితే పక్కింటి ఇంద్రమ్మ ఫోన్‌కు చేస్తాడు.

నేను మామూలుగానే బీడీలు చుడుతున్నాను. గల్లీలో అందరి తలుపులూ తెరిచే ఉంటాయి, మాది తప్ప. తాను లేనప్పుడు మూసే ఉంచమని ఆయన చెప్పి పోయాడు. తలుపుకు పైన గోడలో ఉన్న జాలీలో నుంచి వెలుగు వస్తుంది, దానికి ఎదురుగా కూర్చుంటాను.

ఒక తమాషా జరిగింది. మొన్న పులుసులో ఉప్పెక్కువై అన్నం సగంలో వదిలేశాను. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "ఏందే, బువ్వ సగం ఇడిసిపెట్టినవ్, పానం మంచిగ లేదా?" అన్నాడు. ఇంద్రమ్మ విని పడీపడీ నవ్వింది. "నీ మొగడు భివండిల కూసోని నీ కంచం జూస్తున్నడే పోరి!" అన్నది. నేనూ నవ్వాను.

కన్నుతో ఫొటోలు ఎలా వచ్చాయో రాయి.

నీ చెల్లె,
సంధ్య

*

కోరుట్ల,
4 సెప్టెంబరు 2011

చెల్లెకు,

నీ కన్ను అందింది. పాత ఫిల్ము రీలు డబ్బా అడుగున రంధ్రం చేసి, అందులో కన్ను బిగించి, చుట్టూ నల్ల టేపు వేసి చిన్న డిజిటల్ కెమెరా ముక్కుకు తొడిగాను. చుట్టూ నలుపు, నడుమ గుండ్రటి ఫొటో. మా వంటిల్లు నాలుగు గోడలూ ఒక్కసారే వచ్చాయి. నేను పొయ్యి దగ్గర ఒక మూల, మీ బావ గడప దగ్గర ఇంకో మూల, ఇద్దరమూ వంగి ఒకరి మీదికి ఒకరం పడబోతున్నట్టు. ఆయన చాలాసేపు చూసి, "మంచిగనే ఉన్నది గని, ఎవడో తలుపు సందులకెళ్లి దొంగసూపు సూసినట్టున్నదే" అన్నాడు. ఫ్లెక్సీకి ఇది పనికిరాదు. నడుమ ఒక్కచోటే స్పష్టంగా ఉంది, అంచుల్లో ముఖాలు కరిగిపోయాయి. అయినా అందరినీ ఒకేసారి పట్టడం అంటే ఏమిటో తెలిసింది.

ఇంకొక సంగతి. కన్నుకు రెండు కొసలు. చిన్న కొసకు కన్ను ఆనించి చూస్తే అవతలిదంతా కనిపిస్తుంది. పెద్ద కొస నుంచి చూస్తే ఏమీ తెలియదు, చుక్కంత వెలుగు మాత్రం కనబడుతుంది. కాబట్టి చిన్న కొస ఇంటి లోపల ఉండాలి. మీ తలుపుకు వీధి వైపు ఆకుపచ్చ రంగు, లోపల తెలుపు. ఆకుపచ్చ రంగు చిన్న కొసకు అంటి ఉంది. గోరుతో గీకి చూశాను, ఆ రంగే.

అంటే దాన్ని తిరగేసి బిగించారు. లోపలున్న నీకు వీధి కనబడదు. వీధిలో నిలబడ్డవాళ్లకు మీ ఇల్లంతా కనబడుతుంది. నీకు తెలుసా? చిన్న కొస చుట్టూ ఇత్తడి అరిగి, నునుపై మెరుస్తోంది. మీరు ఇంట్లో చేరి ఏడాదైనా కాలేదు కదా.

వెంటనే జవాబు రాయి.

అక్క

*

సిరిసిల్ల,
12 సెప్టెంబరు 2011

అక్కా,

నాకు తెలుసు. అందరికీ తెలుసు. తలుపు చేసిన వడ్లాయన అంతకుముందు అటువంటిది చూసి ఉండలేదు. తిరగేశావని మా ఆయన అంటే, "అచ్చినోళ్లు ఇంట్ల ఎవలన్న ఉన్నరా లేరా అని సూసుకోవద్దా? ఇంట్ల ఉన్నోళ్లకు ఎందుకయ్యా కన్ను, తలుపు తీస్తె కనవడరా ఏంది?" అని ఎదురు తిరిగాడు. ఇంద్రమ్మ కూడా, "పెద్దమనిషి మాట నిజమే" అన్నది. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ మా ఆయనే నవ్వాడు. వడ్లాయన విప్పి మళ్లీ బిగిస్తానంటే, "ఉండనియ్యి" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆయన పనికి పోతున్నానని పోయి, తిరిగి వచ్చి తలుపు బయట నిలబడటం మొదలుపెట్టాడు. నాకెలా తెలుసంటే, తలుపులో గురిగింజంత వెలుగు ఉంటుంది. మనిషి కన్ను పెడితే అది ఆరిపోతుంది. చేట ఒళ్లో పెట్టుకొని, కత్తెర చేతిలో పట్టుకొని, అది మళ్లీ వెలిగేదాకా నేను తల ఎత్తేదాన్ని కాదు. ఒక్కసారి అడిగాను. "నువ్వు ఒక్కదానివి ఉన్నప్పుడు ఎట్లుంటవో సూద్దామని" అన్నాడు. కోపంగా అనలేదు. నన్ను ఎన్నడూ కొట్టలేదు అక్కా. కొడితే నీకు ఎప్పుడో చెప్పేదాన్ని.

ఆయన భివండి పోయినాక కూడా ఆ వెలుగు ఆరిపోయేది. అందుకే నువ్వు కొలత అడగ్గానే పంపేశాను.

నీకు పంపిన మూడో నాడు ఆయన ఫోన్ చేసి, "తలుపు కన్ను యాడవోయింది?" అని అడిగాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంద్రమ్మకు కూడా. ఇప్పుడు పొద్దున లేచేసరికి రంధ్రంలో కుక్కిన నూలు ఉండ ఇంటి లోపల నేల మీద పడి ఉంటోంది. మళ్లీ కుక్కుతాను, మళ్లీ పడుతుంది. ఎలుక అనుకుందామంటే ఎలుక బయటి నుంచి లోపలికి తోయదు కదా. మనిషి భివండికి పోయాడు, ఆయన కన్ను మాత్రం ఇక్కడే ఉండిపోయింది. నాకు అట్లనే అనిపిస్తోంది. నీ దగ్గరున్న ఆ వస్తువును పగలగొట్టు.

నువ్వు కవర్లు అన్నం మెతుకులతో అంటిస్తున్నావా? మొన్నటిది అట్లా అంటించి ఉంది.

సంధ్య

*

కోరుట్ల,
17 సెప్టెంబరు 2011

సంధ్యా,

నేను కవర్లు జిగురుతోనే అంటిస్తాను. నీకు రాసిన ఉత్తరం ఎవరో విప్పి చదివారు. అందుకే ఇకమీద నువ్వు బీడీలు అప్పగించే కార్ఖానా చిరునామాకు రాస్తాను. తెలంగాణ కోసం సమ్మె మొదలైంది, బస్సులు ఏనాడు ఆగుతాయో తెలియదు. బీడీ ఆకు తెచ్చే వ్యాను మాత్రం తిరుగుతోంది, డ్రైవరు మీ బావకు తెలిసినవాడే.

మనిషి ఒకచోట, కన్ను ఒకచోట ఉండవు. అక్కడి సంగతులు ఆయనకు ఎవరో చేరవేస్తున్నారు. ఇంద్రమ్మ మీద నాకు అనుమానం లేదు అనను. తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. ఒకనాడు తలుపు గడియ పెట్టుకొని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నీ పెళ్లి పట్టుచీర కట్టుకో. కాసేపు కూర్చొని విప్పి మడిచి పెట్టెలో పెట్టు. ఇంద్రమ్మతో కూడా అనకు. ఆయన ఫోన్లో ఏమంటాడో విను. ఏమీ అనకపోతే చేరవేసేది మనిషే.

మరిది ఏ రోజు, ఏ బస్సుకు పోయాడో కూడా రాయి.

నేను లెన్సు వెతుకులాటలోనే ఉన్నాను. ముందు బిగించే అద్దం జగిత్యాల అతను చూసుకొమ్మని ఇచ్చాడు. తీసి చూస్తే మా గల్లీ చివరి ఇండ్లు అట్టు అంచుల్లా చిరిగిపోయాయి. తిరిగి ఇచ్చేశాను. పెండ్లిళ్ల ఫొటోలు తీసే ఒకాయన దగ్గర ఆ కొరియా లెన్సు పాతది అమ్మకానికి ఉందట. మీ బావ "కొందాం" అంటాడు. నేను అద్దంలో గీతలున్నాయో లేవో ఎండలో పెట్టి చూడనిదే కొననన్నాను. "నువ్వు నన్ను గూడ గిట్లనే ఎండల వెట్టి సూసి చేసుకున్నవా?" అని ఎత్తిపొడిచాడు.

ధైర్యంగా ఉండు.

అక్క

*

సిరిసిల్ల,
26 సెప్టెంబరు 2011

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నూలు ఉండ గట్టిగా కుక్కి, గడియ పెట్టి, పట్టుచీర కట్టుకొని గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. వెనక ఏదో మెత్తగా నేల మీద పడ్డట్టయింది. తిరిగి చూడలేదు. లేచి చీర విప్పేటప్పుడు చూస్తే ఉండ నా కాళ్ల దాకా దొర్లి ఉంది.

మరునాడు ఇంద్రమ్మ ఫోన్ తెచ్చి ఇచ్చింది. "పట్టుచీర ఎవలి కోసం కట్టినవ్?" అన్నాడు ఆయన. "కడితె కట్టినవ్ గని, గోడ దిక్కు ఎందుకు కూసున్నవ్? మొకం కనవడలే" అన్నాడు.

అప్పుడే మా గల్లీ మొగన జేఏసీ ఊరేగింపు పోతోంది. డప్పులు, జై తెలంగాణ అని కేకలు. ఆ చప్పుడు ఒక చెవికి వీధిలో నుంచి, ఇంకో చెవికి ఫోన్లో నుంచి వినబడింది. భివండిలో కూడా మనవాళ్లు ఉద్యమం చేస్తున్నారేమో అనుకున్నాను. నేను పిచ్చిదాన్నయితున్నానేమో అక్కా.

ఆయన పోయింది నువ్వు వంటావార్పు అని రాసిన ఆదివారం నాడే, పొద్దున. కోరుట్ల, ఆర్మూరు మీదుగా భివండి పోయే ప్రైవేటు బస్సుకు. మరునాడు ఫోన్ చేసి, "బస్సు కోరుట్ల దాటంగ మీ అక్కోళ్ల దుకాణం దిక్కు సూసిన, తలుపు ఏసి ఉన్నది" అని కూడా చెప్పాడు.

సంధ్య

*

కోరుట్ల,
29 సెప్టెంబరు 2011

సంధ్యా,

ఇది చదివి చింపెయ్యి.

ఆ ఆదివారం తెల్లవారక ముందు నుంచి పొద్దుగూకేదాకా ఆ రోడ్డు మీద నేను ఉన్నాను. ఒక్క బస్సు పోలేదు. మా దుకాణం తలుపు ఆ రోజంతా తెరిచే ఉంది, వంట సామాన్లన్నీ అందులోనే పెట్టారు. ఆయన భివండికి పోలేదు. ఆ డప్పులు భివండివి కావు, మీ గల్లీవే. ఆయన సిరిసిల్లలోనే, మీ ఇంటి దగ్గరే ఉన్నాడు.

ఎందుకని నన్ను అడగకు, నాకు తెలియదు. ఎందుకో తెలియదు కాబట్టే నిన్ను అక్కడ ఉండనివ్వను. బట్టలు సర్దకు. రోజూ పోయినట్టే చేట, బీడీల గంపతో కార్ఖానాకు పో. అక్కడ ఆకు వ్యాను ఎక్కు. కోరుట్లకు రావద్దు, ఆయన ముందు వెతికేది ఇక్కడే. జగిత్యాలలో దిగు. మీ బావ మేనత్త సమ్మక్క అక్కడ ఉంటుంది. ఆ ఇల్లు మరిదికి తెలియదు. ఆమెకు చెప్పి ఉంచాను. "పిల్లను రానియ్యి, ఎవడస్తడో నేన్ జూస్త" అన్నది.

అక్క

*

భివండి,
3 అక్టోబరు 2011

గౌరవనీయులైన వదినగారికి మరిది హన్మండ్లు నమస్కరించి రాయునది.

నేను ఇక్కడ క్షేమం. మీరు, అన్న క్షేమమని తలుస్తాను. మీరు ఫొటోల కోసం ఏదో లెన్సు వెతుకుతున్నారని తెలిసింది, సంతోషం. మంచి వస్తువే కొనండి, చవకవి చివరికి మోసం చేస్తాయి.

మా తలుపు కన్ను మీ దగ్గర ఉంది. మీ పని అయిపోయి ఉంటుంది కాబట్టి పంపించగలరు. నేను ఎంతో ఇష్టంగా తెచ్చుకున్నది. తలుపుకు రంధ్రం ఉండటం మంచిది కాదు, ఎవరైనా ఇంట్లోకి చూస్తారు.

సంధ్య ఆరోగ్యంగానే ఉంది. కానీ ఈ మధ్య గోడ వైపు ముఖం పెట్టి బీడీలు చుడుతోంది. వెలుగు చాలదు, అట్లా చుట్టినవి బీడీ కార్ఖానాలో పక్కన పడేస్తారు. ఈ రోజు తల దువ్వుకోలేదు. మీరు పెద్దవారు, మీరు చెబితే వింటుంది. ఇటు తిరిగి కూర్చోమని చెప్పండి.

ఇట్లు,
మీ మరిది

*

జగిత్యాల,
9 అక్టోబరు 2011

అక్కా,

నేను సమ్మక్క అత్తమ్మ దగ్గర చేరి ఐదు రోజులయింది. ముందే రాయలేకపోయాను.

నీ ఉత్తరం బీడీ కార్ఖానాలో చదివాను. కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. కళ్లారా చూడకుండా ఇల్లు వదిలితే రేపు నన్ను నేనే తిట్టుకుంటాననిపించింది. ఇంటికి వచ్చి, మధ్యాహ్నం వేళ, గడియ పెట్టి, నూలు ఉండను నా చేత్తో నేనే బయటికి లాగి రంధ్రానికి కన్ను పెట్టాను.

అవతల కన్ను ఉంది.

వీధి కనబడలేదు, వెలుతురు కనబడలేదు. నా కంటికి బెత్తెడు దూరంలో ఒక కన్ను. ఆయనదే. రెప్ప వేయలేదు. అది నిండా నీళ్లతో ఉంది అక్కా. కోపంగా ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు. "లోపటికి రారాదూ? గడియ తీస్త" అన్నాను. ఎట్లా అన్నానో తెలియదు. గడియ తీసేసరికి గుమ్మం ముందు ఎవరూ లేరు. ఎదురుగా తాళం వేసి ఉండాల్సిన ఆసామి కార్ఖానా తలుపు మెల్లగా మూసుకుంటోంది. ఇంద్రమ్మ తన గడప మీదే కూర్చొని బీడీలు చుడుతోంది. "ఎవలన్న పోయిన్రా?" అంటే, "ఎవలు పోలేదు గదనే, గట్ల తెల్లవడ్డవేంది?" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఒళ్లోని చేట మీద నుంచి తల ఎత్తి ఉండదు. గంప ఎత్తుకొని బీడీ కార్ఖానాకు పోయి వ్యాను ఎక్కాను.

ఇప్పుడు కొత్త గొడవ. నేను ఇక్కడ ఉన్నానని ఎట్లా తెలిసిందో, సిరిసిల్ల కుల పెద్దలు సమ్మక్క అత్తమ్మకు ఫోన్ చేశారు. "మొగడు భివండిల కష్టపడుతుంటె పెండ్లం ఇల్లిడిసిపోవుడేంది? తలుపుల కన్నున్నదని కథలు వడ్తదా?" అన్నారట. వచ్చే ఆదివారం పంచాయితీకి కూర్చుంటారు. ఆయన ఆ పొద్దున భివండి నుంచి ఫోన్లో మాట్లాడతాడట. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో అడుగు పెట్టాలి. లేకపోతే పిచ్చిదని, మొగుణ్ణి వదిలిపోయిందని రాసుకుంటారు. అత్తమ్మ, "నువ్వేం రాసుకుంటవో రాసుకో, పొల్లను మాత్రం పంప" అని ఫోన్ పెట్టేసింది. కానీ ఎన్నాళ్లు? ఆయనను చూసింది నేనొక్కదాన్నే. నా మాటకు సాక్ష్యం లేదు.

ఈ ఇంటి తలుపుకు ఏ రంధ్రమూ లేదు. అయినా నేను గోడ వైపే కూర్చుంటున్నాను.

సంధ్య

*

కోరుట్ల,
19 అక్టోబరు 2011

సంధ్యా,

ఇది నెమ్మదిగా చదువు. ముందు మంచి మాట: నువ్వు సిరిసిల్లకు పోనక్కర లేదు.

లెన్సు కొన్నాను. ఎండలో పెట్టి చూశాను, ఒక్క గీత లేదు. బరువుగా, ముందు అద్దం కోడిగుడ్డులా ఉబ్బి ఉంటుంది. దీనికీ కెమెరాకూ నడుమ తీగల పొత్తు లేదు, అందుకని ఎప్పుడు తొడిగినా తెర మీద లెన్సు లేదనే చూపిస్తుంది. అయినా ఫొటో పడుతుంది. మొదట్లో నాకది ఏదోలా ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

ఆదివారం మళ్లీ వంటావార్పు చేశారు. మీ బావకు నడుము పట్టేసి, ఫొటోలు నన్నే తీయమన్నాడు. పొయ్యిలన్నీ నా ముందుండేలా రోడ్డు మీద ఒక కొసన బల్ల వేసుకొని ఎక్కాను. ముందూ, పక్కలా పొయ్యిలు, పొగ, డప్పులు. "వదినా, మా పొయ్యి!" "అక్కా, అధ్యక్షుని రుమాల్ గాదు, మొకం!" అని అన్ని దిక్కుల నుంచి కేకలు. కొద్ది కొద్ది సేపటికి ఒకటి చొప్పున నాలుగు ఫొటోలు తీశాను. ఈ లెన్సు నా కళ్లకు కనబడనంత పక్కలకు కూడా చూస్తుంది. అందుకే ఎవరెవరు పడ్డారో తీసేటప్పుడు నాకు తెలియదు. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను.

మొదటి ఫొటోలో ఎడమ అంచున, అందరూ కెమెరా చూసి నవ్వుతుంటే, ఒక్కడు మాత్రం మన స్టూడియో మెట్లను చూస్తున్నాడు. అంచున ఉన్నవాళ్లను ఈ లెన్సు విల్లులా వంచుతుంది, అందుకని మొదట గుర్తుపట్టలేదు. రెండో దానిలో ఒక పొయ్యి దాటి ఇవతలికి వచ్చాడు. మూడో దానిలో ఇంకా దగ్గరికి వచ్చాడు. ముఖం తేటగా ఉంది. నుదుటి మీద సాంచా దెబ్బ మచ్చతో సహా. నన్నే చూస్తున్నాడు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఈ నెల మొదట్లో భివండి అని పెట్టి ఆయన నాకు ఒక ఉత్తరం రాశాడు. దాని మీద స్టాంపు లేదు, ముద్ర లేదు. స్టూడియో షట్టరు కింద నుంచి లోపలికి తోసి ఉంది. అంటే ఆయన అంతకుముందే ఒకసారి ఇక్కడికి వచ్చి పోయాడు. నువ్వు భయపడతావని రాయలేదు.

ఆ మూడు ఫొటోలూ కడిగించి, మీ బావ నిన్న నడుముకు పట్టీ కట్టుకొని బండి మీద సిరిసిల్ల పోయాడు. కుల పెద్దలు ఫొటోలు తిప్పి తిప్పి చూశారట. "గీడు హన్మండ్లే" అన్నాడట ఒకాయన. ఇంకొకాయన, "ఆదివారం పొద్దున మాతోటి భివండి నుంచి ఫోన్ల మాట్లాడిండు గదనయ్యా! సల్ల పొద్దుల బువ్వ దిన్న, గిప్పుడే పనికి పోతున్న అన్నడు" అన్నాడట. ఫొటోలో వెనక కట్టి ఉన్న బ్యానరును మీ బావ చూపించాడు. ఆదివారం తారీఖు దాని మీదే ఉంది. తర్వాత అందరూ కలిసి పోయి మీ ఎదురింటి కార్ఖానా తెరిపించారు. సాంచాల నడుమ చాప, నీళ్ల బిందె, చార్జరు ఉన్నాయి. మనిషి లేడు. నిన్ను రమ్మనడం మానుకుంటున్నామని పెద్దలు మీ బావతో చెప్పి పంపారు. ఇంద్రమ్మ ఏడ్చిందట, "పోరి మాట నవ్వులాట జేస్తి" అని. సమ్మక్క అత్తమ్మకు ఇదంతా చదివి వినిపించు. ఆ ఇంటి చిరునామా ఎవరికీ ఇవ్వొద్దు.

పెద్దలకు మీ బావ చూపించింది మూడు ఫొటోలే. నాలుగో దాన్ని ఆయనకు కూడా నేను చూపించలేదు. నీకు చెప్పాలి. అందులో ఆయన లేడు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఒక్కొక్క ముఖం వెతికాను. అన్ని పొయ్యిలూ పడ్డాయి, అందరు అధ్యక్షులూ పడ్డారు, ఆయన లేడు. చెల్లె, ఈ లెన్సుకు కనబడని చోటు నా వెనక ఒక్కటే.

ఆ ఫొటో తీసి కెమెరా దించుతుంటే, నా వెనక నుంచి ఎవరో మెల్లగా అడిగారు.

"వదినా, అందరు వడ్డరా?"

ఆ రోజు నన్ను వదినా అని పిలవనివాడు లేడు. నేను తిరిగి చూడకుండానే, "అందరు వడ్డరు. ఒక్కలు గూడ తప్పిపోలే" అన్నాను.

అక్క